గెలుపు తేడా రెండు పాయింట్లు... వెనకున్నది పదేళ్ల పని
భారత మహిళల రగ్బీ జట్టు ఎదిగిన తీరులో అనంతపురం అమ్మాయిలకు పనికొచ్చే సంగతులెన్నో!

2019 జూన్. ఫిలిప్పీన్స్‌లో ఆసియా రగ్బీ మహిళల టోర్నీ. భారత్, సింగపూర్ తలపడుతున్నాయి. మ్యాచ్ ముగింపు దగ్గరపడింది. పెనాల్టీ కిక్ కొట్టే బాధ్యత ఒడిశా అమ్మాయి సుమిత్రా నాయక్ మీద పడింది. బంతి గోల్ స్తంభాల మధ్య నుంచి దూసుకుపోయింది. స్కోరు 21-19. పదిహేను మంది ఆడే రగ్బీలో మన మహిళల జట్టుకు అదే తొలి అంతర్జాతీయ విజయం.

రెండు పాయింట్ల తేడాతో వచ్చిన ఆ గెలుపును దేశంలో చాలామంది గమనించనే లేదు. అప్పటికి ఆ జట్టు పదిహేనుల ఆటలో అడుగుపెట్టి ఏడాదే అయింది. చాలామంది క్రీడాకారిణులు గిరిజన గూడేల నుంచీ, తేయాకు తోటల నుంచీ, చిన్న ఊళ్ల నుంచీ వచ్చినవాళ్లు. స్కూల్లో చేరేదాకా రగ్బీ బంతి ఎలా ఉంటుందో కూడా చూడనివాళ్లు వాళ్లలో ఉన్నారు.

'మనకూ రగ్బీకీ ఏం సంబంధం?' అనుకోకండి. డిగ్రీ చదువుతూ, ఒకవైపు ఉద్యోగాల నోటిఫికేషన్లు చూస్తూ, సాయంత్రం కాలేజీ గ్రౌండ్‌లో కబడ్డీయో ఖోఖోనో ఆడే అమ్మాయిలకు ఈ జట్టు కథలో తెలుసుకోవాల్సింది చాలా ఉంది. ఎందుకంటే ఇది ఒక్క రోజు అదృష్టంతో తయారైన జట్టు కాదు. ఎలా తయారైందో చూస్తే మన జిల్లాలో ఏముందో, ఇంకా ఏం కావాలో తెలుస్తుంది.

ముందు ఆట తెలుసుకుందాం

రగ్బీ బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని పట్టుకుని ఎంత వేగంగానైనా ముందుకు పరుగెత్తొచ్చు. చేత్తో మాత్రం ముందుకు విసరకూడదు. పక్కనున్నవాళ్లకో, వెనకున్నవాళ్లకో అందించాలి. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే 'ట్రై'. దానికి 5 పాయింట్లు. ఆ తర్వాత గోల్ స్తంభాల మధ్యకు తన్నే కన్వర్షన్‌కు 2, పెనాల్టీ కిక్‌కు 3 పాయింట్లు. బంతి ఉన్నవాళ్లను పట్టి పడేయడమే ట్యాకిల్. అయితే భుజాల కంటే పైన పట్టుకుంటే ఫౌల్.

ఈ ఆటలో రెండు ప్రధాన రకాలున్నాయి. పదిహేను మంది ఆడేదాన్లో ఒక్కో అర్ధభాగం 40 నిమిషాలు. ఏడుగురు ఆడే 'సెవెన్స్'లో ఒక్కోటి 7 నిమిషాలే. మైదానం మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అంత పెద్ద స్థలాన్ని ఏడుగురే కాయాలి కాబట్టి సెవెన్స్‌లో వేగమే రాజు. 2016 రియో నుంచి ఒలింపిక్స్‌లో ఆడుతున్నది ఈ సెవెన్సే. మన దేశం ఎక్కువగా దృష్టి పెట్టిందీ దీనిమీదే.

ఇంగ్లండ్, స్కాట్లాండ్ జట్లు ఏటా పోటీపడే 'కలకత్తా కప్' తయారైంది మన దేశపు వెండి రూపాయలతోనే. 1870లలో కలకత్తాలోని ఓ రగ్బీ క్లబ్ మూతపడినప్పుడు, ఖాతాలో మిగిలిన రూపాయలను కరిగించి ఆ కప్పు చేయించారు. అంటే ఆట ఇక్కడికొచ్చి దాదాపు నూట యాభై ఏళ్లు. ఆడపిల్లల దాకా రావడానికే ఇంత కాలం పట్టింది.

సున్నా నుంచి జట్టు

భారత మహిళల రగ్బీ జట్టు ఏర్పడింది 2009లో. మొదట సెవెన్స్ మాత్రమే ఆడేవాళ్లు. పదిహేనుల జట్టు 2018లో సింగపూర్‌తో తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడి ఓడిపోయింది. మరుసటి ఏడాది అదే సింగపూర్‌ను ఓడించింది. ఆ రోజుల్లో జట్టు సారథి పుణెకు చెందిన వాబిజ్ భరూచా. ఆమె ఫిజియోథెరపిస్టు కూడా. ఆటనూ చదువునూ పక్కపక్కనే నడిపించారన్నమాట. దక్షిణాఫ్రికా మాజీ దిగ్గజం నాస్ బోథా ఆ జట్టుకు శిక్షణ ఇచ్చారు.

2022లో జకార్తాలో జరిగిన ఆసియా సెవెన్స్ ట్రోఫీలో మన అమ్మాయిలు రజతం గెలిచారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆడారు. జపాన్, హాంకాంగ్ లాంటి బలమైన జట్ల చేతిలో ఘోరంగా ఓడారు కూడా. ఆసియాలో అగ్రజట్లకూ మనకూ మధ్య దూరం ఇంకా చాలా ఉందని ఆ మ్యాచ్‌లు చెప్పాయి. 2025 ఆగస్టులో బిహార్‌లోని రాజ్‌గిర్‌లో జరిగిన ఆసియా అండర్-20 సెవెన్స్‌లో మన బాలికల జట్టు కాంస్యం సాధించింది. సీనియర్లు ఓడినచోట జూనియర్లు పతకం తేవడం ఏ ఆటలోనైనా మంచి సూచనే.

నటుడిగా మనకు తెలిసిన రాహుల్ బోస్ ఒకప్పుడు దేశం తరఫున రగ్బీ ఆడారు. ఇప్పుడు భారత రగ్బీ సమాఖ్య బాధ్యతలు చూస్తున్నారు. 2025 జూన్‌లో ముంబయిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది. అందులో హైదరాబాద్ పేరుతోనూ ఓ జట్టుంది. తొలి ఏడాది అది పురుషుల లీగే. అయినా తెలుగు టీవీ ప్రేక్షకులకు ఈ ఆట పరిచయమైందంటే దానివల్లే.

ఎవరీ అమ్మాయిలు?

జట్టు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే అసలు రహస్యం అర్థమవుతుంది.

భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌ను అందరూ 'కిస్' అంటారు. గిరిజన పిల్లలకు ఉచితంగా వసతి, భోజనం, చదువు అందించే పెద్ద విద్యాసంస్థ అది. 2007లో అక్కడి అబ్బాయిలు లండన్‌లో జరిగిన అండర్-14 టోర్నీ గెలిచారు. తర్వాత అమ్మాయిలూ మైదానంలోకి దిగారు. సుమిత్రా నాయక్ అక్కడ చదువుకుంటూ ఎదిగినవారే. ఆమెలాంటివాళ్లు మరికొందరు అక్కణ్నుంచే జాతీయ జట్టుకు వెళ్లారు.

పశ్చిమ బెంగాల్లో సిలిగురి దగ్గర సరస్వతీపుర్ అనే తేయాకు తోట ఉంది. ఓ స్వచ్ఛంద సంస్థ అక్కడి పిల్లలకు రగ్బీ నేర్పింది. తోట కూలీల ఇళ్ల నుంచి వచ్చిన సంధ్యా రాయ్ లాంటివాళ్లు భారత జెర్సీ వేసుకున్నారు.

బిహార్‌లోని నలంద జిల్లాకు చెందిన శ్వేతా షాహీ మొదట్లో పరుగు పందేల అమ్మాయి. రగ్బీకి మారి దేశం తరఫున ఆడారు. పతకాలు తెచ్చినవాళ్లకు నేరుగా ఉద్యోగమిచ్చే బిహార్ ప్రభుత్వ పథకం కింద పోలీసు శాఖలో సబ్-ఇన్‌స్పెక్టర్ అయ్యారు.

మూడు చోట్లా కనిపించేవి నాలుగే: కడుపు నిండా తిండి పెట్టే హాస్టల్, రోజూ అందుబాటులో ఉండే మైదానం, విడిచిపెట్టి పోని కోచ్, చివర్లో ఒక ఉద్యోగం. ఈ నాలుగూ కలిసినచోట ఏ ఊరి అమ్మాయైనా జాతీయ జట్టుకు వెళ్తుంది. వీటిలో ఒక్కటి తెగినా పదో తరగతి అవ్వగానే బూట్లు మూలన పడతాయి.

మన అనంతలో ఇది జరగలేదా?

జరిగింది. ఆటే వేరు.

నార్పల మండలం బండ్లపల్లి పేరు మన జిల్లాలో తెలియనివాళ్లు తక్కువ. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ఆ ఊరి నుంచే మొదలుపెట్టారు. కరవు పనికి, వలసకు గుర్తుగా దేశం చూసిన ఊరది. పదిహేడేళ్ల తర్వాత, 2023 జులై 9న అదే ఊరికి చెందిన బారెడ్డి అనూష ఢాకాలోని మీర్పూర్ స్టేడియంలో బంగ్లాదేశ్‌పై భారత జట్టు టోపీ పెట్టుకుంది. ఎడమచేతి వాటం స్పిన్నర్. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఆ ముందు నెలలోనే హాంకాంగ్‌లో ఎమర్జింగ్ ఆసియా కప్ గెలిచిన భారత్-ఎ బృందంలోనూ ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత బృందంలోనూ చోటు దక్కింది.

అనూష వెనక ఉన్నది కూడా ఆ నాలుగు సంగతులే. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ గురించి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆర్డీటీ అంటే మొదట గుర్తొచ్చేది బడి, ఆసుపత్రి, ఇళ్లు. తర్వాత వచ్చింది స్పోర్ట్స్ విలేజ్. పల్లె పిల్లలకు హాస్టల్, కోచ్, పచ్చటి మైదానం అందించిన చోటది. 2010లో రఫెల్ నాదల్ పేరిట టెన్నిస్ పాఠశాల వచ్చింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లకు దేశంలోని పేరున్న క్రికెటర్లు ఎందరో ఆ స్టేడియానికి వచ్చారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది. చెనిక్కాయ పంట చేతికొస్తుందో లేదో అని ఆకాశం చూసే చోట మైదానాన్ని పచ్చగా నిలపడమే ఓ పెద్ద పని.

సీమ వైపు ఇంకాస్త తిరిగి చూడండి. ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి ఎడమచేతి పేసర్. 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాపై దేశం తరఫున తొలి మ్యాచ్ ఆడింది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఎడమచేతి స్పిన్నర్. 2025 వన్డే ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసి, కప్పు గెలిచిన జట్టులో కీలకంగా నిలిచింది. రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు రూ.2.5 కోట్ల నగదుతో పాటు గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. మూడేళ్లలో రాయలసీమ నుంచి ముగ్గురు, ముగ్గురిదీ ఎడమచేతి వాటమే!

క్రికెట్‌కు డబ్బుంది. 2022 అక్టోబరులో బీసీసీఐ అమ్మాయిలకూ అబ్బాయిలతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించింది. వన్డేకు రూ.6 లక్షలు, టీ20కి రూ.3 లక్షలు. రగ్బీలో అలాంటి డబ్బు లేదు. ఆ సంగతి ముందే తెలుసుకోవాలి. కానీ క్రికెట్లో ఒక్కో చోటుకు పోటీపడేవాళ్లు వేలల్లో ఉంటారు. మన రాష్ట్రంలో రగ్బీ ఆడే అమ్మాయిలు దాంతో పోలిస్తే చాలా తక్కువ. పెద్దగా గుర్తింపు లేని ఆటల్లో త్వరగా రాష్ట్ర జట్టుకు వెళ్లే వీలుండేది అందుకే.

కబడ్డీ కోర్టు నుంచి రగ్బీకి

రగ్బీని చిన్నప్పటి నుంచే ఆడాలన్న నియమం లేదు. శ్వేతా షాహీలా వేరే ఆటల నుంచి మారినవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. మీకు ఏది పనికొస్తుందో చూడండి.

కబడ్డీ: పట్టు, నడుము కింద పట్టుకునే అలవాటు, పడినా వెంటనే లేవడం. ట్యాకిల్ సగం వచ్చేసినట్టే.

ఖోఖో: ఒక్కసారిగా దిశ మార్చడం. సెవెన్స్‌లో డిఫెండర్‌ను తప్పించుకునేది దీంతోనే.

100, 200, 400 మీటర్ల పరుగు: ఖాళీ దొరికితే గీత దాకా ఆగకుండా వెళ్లే వేగం.

హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్: పరుగెడుతూ బంతి అందుకోవడం, అందించడం.

ఫుట్‌బాల్: కిక్. సుమిత్ర గెలిపించిందీ కిక్‌తోనే కదా!

పసిఫిక్ సముద్రంలోని చిన్న దేశం ఫిజీ జనాభా పది లక్షల లోపే. గిర్మిట్ కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల వారసులూ అక్కడున్నారు. ఆ దేశ మహిళల సెవెన్స్ జట్టు టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఫిజీ దిగ్గజం వైసాలే సెరెవి 2024లో మన జాతీయ సెవెన్స్ జట్ల కోచ్‌గా వచ్చారు. పెద్ద దేశం, పెద్ద స్టేడియాలు ఉంటేనే ఆట వస్తుందనేది నిజం కాదని ఫిజీ ఎప్పుడో నిరూపించింది.

మరి ఉద్యోగం?

ఇంట్లో అమ్మానాన్న అడిగేది ఇదే. అడగాల్సిందే కూడా. సమాధానం స్పష్టంగా చెప్పగలగాలి.

కేంద్ర ప్రభుత్వ శాఖల్లో గ్రూప్-సి పోస్టుల్లో క్రీడాకారులకు 5 శాతం వరకు అవకాశముంది. 2020 సెప్టెంబరు 1న కేంద్ర సిబ్బంది శాఖ ఈ కోటాకు అర్హమైన ఆటల జాబితాను 43 నుంచి 63కు పెంచింది. కొత్తగా చేరిన ఇరవైలో రగ్బీ ఒకటి. చాలామంది విద్యార్థులకు ఈ సంగతే తెలియదు.

ఎవరు అర్హులు? దేశం తరఫున ఆడినవాళ్లు, జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడినవాళ్లు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీ జట్టులో ఆడినవాళ్లు, జాతీయ పాఠశాల క్రీడల్లో రాష్ట్ర జట్టులో ఆడినవాళ్లు. అంటే భారత జట్టుకు వెళ్తేనే ఉద్యోగం అనుకోవద్దు. యూనివర్సిటీ జట్టులో చోటు సంపాదించినా తలుపు కొంత తెరుచుకుంటుంది. వయసులో ఐదేళ్ల వరకు, ఎస్సీ, ఎస్టీలకు పదేళ్ల వరకు సడలింపు ఇవ్వొచ్చు. విద్యార్హతలో మాత్రం సడలింపు ఉండదు. అందుకే డిగ్రీ మధ్యలో ఆపకండి. ఆట కోసం చదువు మానేస్తే ఆట ఇచ్చే ఉద్యోగమూ పోతుంది.

సర్టిఫికెట్ ఎవరు ఇచ్చారన్నది చాలా ముఖ్యం. అంతర్జాతీయ పోటీలకు జాతీయ సమాఖ్య కార్యదర్శి, జాతీయ పోటీలకు రాష్ట్ర సంఘం కార్యదర్శి, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు యూనివర్సిటీ క్రీడా విభాగం అధికారి, పాఠశాల క్రీడలకు విద్యాశాఖ సంచాలకుల కార్యాలయం సంతకం చేయాలి. ఒక్కోదానికి విడి ఫారం ఉంది. పోటీ ముగిసిన వారంలోనే తీసుకోండి. నాలుగేళ్ల తర్వాత వెళ్తే సంతకం పెట్టాల్సినవాళ్లు మారిపోయి ఉంటారు.

రాష్ట్రంలో 2024-29 క్రీడా విధానం కింద స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే 421 క్రీడా కోటాకు వెళ్లాయి. అయితే ప్రతి నోటిఫికేషన్‌లో ఏ ఆటలకు అర్హత ఉందో, ఏ స్థాయి పోటీని లెక్కలోకి తీసుకుంటారో విడిగా ఉంటుంది. దరఖాస్తు చేసే ముందు ఆ జాబితా చదవాల్సిందే. రైల్వే, ఆదాయపు పన్ను, తపాలా వంటి శాఖలు స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లు విడిగా ఇస్తుంటాయి. ఏ ఆటలో ఎన్ని ఖాళీలన్నది ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది.

ఖేలో ఇండియా పథకానికి ఎంపికైన క్రీడాకారులకు ఏడాదికి రూ.6.28 లక్షల విలువైన సహాయం అందుతుంది. అందులో రూ.1.20 లక్షలు చేతి ఖర్చులకు. మిగతాది శిక్షణ, వసతి, పోటీల వంటి వాటికి.

జట్టులో లేకపోయినా ఆటలోనే

జాతీయ జట్టుకు వెళ్లేది కొందరే. మిగతావాళ్ల సంగతేంటి? ఓ జట్టు నడవాలంటే కోచ్, ఫిజియో, ట్రైనర్, రిఫరీ, వీడియో విశ్లేషకులు, మేనేజర్ కావాలి. అమ్మాయిల జట్టుకు ఈ పనుల్లో అమ్మాయిలు ఉంటే పల్లెల్లో తల్లిదండ్రులు ధైర్యంగా పంపుతారు. కోచ్ కావాలంటే పటియాలాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్‌లో శిక్షణ కోర్సులున్నాయి. వ్యాయామ ఉపాధ్యాయులు కావాలంటే పీఈసెట్ రాసి బీపీఈడీ చేయాలి. గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి సంస్థ, మణిపుర్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం ఈ రంగంలో పేరున్నవి. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు ఫిజియోథెరపీ మంచి దారి. వాబిజ్ భరూచా దాన్నే ఎంచుకున్నారు. ప్రపంచ రగ్బీ సమాఖ్య ఆన్‌లైన్‌లో పెట్టే నియమాల, భద్రత కోర్సులు ఇంట్లో కూర్చునే పూర్తి చేయొచ్చు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

రగ్బీలో దెబ్బలు తగులుతాయి. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, మతి తప్పినట్టు అనిపించినా వెంటనే ఆట ఆపాలి. డాక్టర్ చెప్పేదాకా మళ్లీ దిగకూడదు. 'ఏం కాదులే' అనే కోచ్ దగ్గర నేర్చుకోకండి. సరిగ్గా పడటం, సరిగ్గా పట్టడం నేర్చుకోకుండా మ్యాచ్ ఆడొద్దు. రాళ్లున్న గట్టి నేల మీద ట్యాకిల్ సాధన అసలే వద్దు. మెత్తటి మట్టో గడ్డో ఉండాలి. ఐరన్ తక్కువున్న అమ్మాయిలు మన పల్లెల్లో చాలామంది. రక్తపరీక్ష చేయించుకుని, రాగులు, గుడ్లు, చెనిక్కాయలు, ఆకుకూరలు తినండి.

డబ్బిస్తే స్పోర్ట్స్ సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవాళ్లు ప్రతి నోటిఫికేషన్ వేళా తయారవుతారు. ధ్రువపత్రాల పరిశీలనలో దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా అవుతుంది. జట్టులో చోటు కోసం ఎవరికీ డబ్బివ్వకండి.

ఈ నెలలోనే మొదలుపెట్టండి

1. మీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌ను కలిసి, యూనివర్సిటీ క్రీడా క్యాలెండర్‌లో ఏయే ఆటలున్నాయో, ఎంపికలు ఎప్పుడో రాసుకోండి. అనంతపురం విద్యార్థులైతే శ్రీకృష్ణదేవరాయ, జేఎన్‌టీయూ విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాల్లో అడగండి.

2. మీ 100 మీటర్ల పరుగు, నిలబడి దూకే దూరం, 1,600 మీటర్ల పరుగు సమయం కొలుచుకోండి. నెలనెలా అదే తేదీన మళ్లీ రాసుకోండి. ఎంపికల్లో మాటల కంటే ఈ అంకెలే పనికొస్తాయి. పోలీసు ఉద్యోగాల దేహదార్ఢ్య పరీక్షలకూ అక్కరకొస్తాయి.

3. పద్నాలుగు మంది స్నేహితురాళ్లు దొరికితే రెండు సెవెన్స్ జట్లు అయినట్టే. ట్యాకిల్ లేని 'టచ్ రగ్బీ'తో మొదలుపెట్టండి. బంతి, కాస్త స్థలం చాలు.

4. ఇప్పటిదాకా ఆడిన అన్ని పోటీల సర్టిఫికెట్లు ఒకే ఫైల్‌లో పెట్టుకోండి. ఫొటోలు తీసి ఫోన్‌లోనూ దాచుకోండి.

5. ఆటకు రోజుకు రెండు గంటలు, చదువుకు కనీసం నాలుగు గంటలు కేటాయించండి. రెండేళ్లలో యూనివర్సిటీ జట్టుకైనా చేరకపోతే, ఏ దారిలో వెళ్లాలో అప్పుడు ఇంట్లోవాళ్లతో కూర్చుని తేల్చుకోండి. ఆ రెండేళ్లూ వృథా కావు. ఒళ్లు గట్టిపడుతుంది, డిగ్రీ చేతికొస్తుంది, చేతిలో నాలుగు సర్టిఫికెట్లుంటాయి.

2018లో ఓడిన భారత జట్టు 2019లో గెలవడానికి మధ్య ఉన్నది ఒక్క ఏడాదే. దానికి ముందు తొమ్మిదేళ్లు ఎవరో హాస్టల్ నడిపారు, ఎవరో గ్రౌండ్ చదును చేశారు, ఎవరో రోజూ ఉదయం ఐదింటికి విజిల్ ఊదారు. అనంతపురంలో క్రికెట్‌కు ఆ పని చేసి చూపించారు. ఇక మిగతా ఆటల్లోనూ ఆ మొదటి ఏడుగురూ ముందుకొస్తే చాలు.